తల్లిని చూపించండి

ఊరి చివర ఒక ఇల్లు. మధ్యాహ్నం. గేటు బయట ఒక బస్సు కండక్టరు, ఆమె ఆడపడుచు.

"నోరు మూసుకుని ఉంటానంటేనే బెల్లు కొడతాను చిట్టీ."

"నేనేమంటాను వదినా? చూడ్డానికే కదా వచ్చాం."

"చూడ్డానికే. ఆ మాట మీద ఉండు. కుక్కపిల్లని చూడగానే నీ మొహం వెన్నలా కరిగిపోతుంది, నాకు తెలుసు. ఆ తర్వాత వాళ్ళు ఆడిందే ఆట."

"అలాంటప్పుడు నన్నెందుకు లాక్కొచ్చావు?"

"నీ ముక్కు కోసం. ఆసుపత్రి ల్యాబులో పొద్దస్తమానం నానా వాసనలూ పీలుస్తావు కదా. నాకీమధ్య డీజిలు తప్ప ఇంకేదీ ఎక్కట్లేదు."

"అయితే ఇక్కణ్ణుంచే చెప్తాను విను. ఫినాయిలు. ఒక బకెట్టు కాదు, నాలుగు బకెట్లు కుమ్మరించారు."

"కుక్కపిల్ల ఉన్న ఇల్లు. కడుక్కోరా?"

"కడుక్కుంటారు. కానీ ఫినాయిలు కింద ఇంకేదో ఉంది వదినా. రెండు రోజులు సెలవులయ్యాక ల్యాబు తలుపు తీస్తే కొడుతుంది చూడు, అది. పద, వెనక్కి వెళ్ళిపోదాం. కుక్కల్ని పెంచుకోడానికిచ్చే షెల్టరు వాళ్ళు వచ్చే వారం మనింటికి వస్తామన్నారుగా."

"వాళ్ళు వస్తారు, మేడ మెట్లు చూస్తారు, గోడ ఎత్తు చూస్తారు, పగలు ఇంట్లో ఎవరుంటారని అడుగుతారు. అదీ పద్ధతి. పిల్లనిచ్చేవాళ్ళు వాకబు చెయ్యాలా వద్దా? ఇక్కడ, ప్రకటనలో నంబరుకి చేస్తే ఫోనెత్తిన మగమనిషి నన్నడిగింది ఒక్కటే, పెట్రోలు బంకు దగ్గరికి ఎన్నింటికొస్తారని."

"రానన్నావుగా."

"రానన్నాను. పోయినేడాదీ ఇంతే. బస్టాండు పక్కన కారు డిక్కీలోంచి తీసి చేతిలో పెట్టాడు. తొమ్మిదో రోజుకి..."

"వద్దులే వదినా, మళ్ళీ అదెందుకు."

"ఇల్లు చూడందే తీసుకోనని ఫోను పెట్టేశాను. గంట తర్వాత ఇంకో నంబరు నుంచి ఒకావిడ. అదే కుక్కపిల్ల. ఇంటికే రండి, రెండు దాటాక రండి, అని అడ్రసు చెప్పింది. ఇల్లు చూపిస్తామన్నవాళ్ళని చూడకుండానే తప్పు పట్టకూడదు కదా, అందుకొచ్చాను."

"ఎవరో వస్తున్నారు."

"నోరు."

"మూసుకున్నాను."

ఇంటి ముందుగది. టీవీ గట్టిగా మోగుతోంది.

"కూర్చోండమ్మా. ఆ కుర్చీ వద్దు, దానికి కాలు లేదు. ఇటు కూర్చోండి. ఇదిగో, ఇదే. రెండు నెలలు నిండాయి, ఆడది, టీకాలన్నీ అయిపోయాయి, మంచి జాతి, చిన్నపిల్లలతో బాగా ఉంటుంది, తీసుకెళ్ళి పెంచుకోవడమే."

"ఒక్క గుక్కలో చెప్పేశారే. మా డిపోలో మైకు పట్టుకునే అమ్మాయి కూడా మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకుంటుంది."

"అందరూ ఇవే అడుగుతారమ్మా. నోటికి వచ్చేసింది."

"వదినా, చూడు చూడు, నా వేలు చీకుతోంది."

"చిట్టీ."

"సరే. ఏమీ అనలేదు."

"రెండు నెలలంటారా అమ్మా దీనికి?"

"నిండాయి."

"నేను కండక్టరునండీ. పదేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని నాలుగేళ్ళని చెప్పే తల్లుల్ని రోజుకి ఇరవైమందిని చూస్తాను. వాళ్ళు తగ్గిస్తారు, మీరు పెంచుతున్నారు, అంతే తేడా. చిట్టీ, దాని పళ్ళు చూడు."

"పళ్ళా? ముందువి ఇప్పుడే మొలుస్తున్నాయి వదినా. నెల దాటి నాలుగు రోజులయ్యుంటే గొప్ప."

"అంటే ఇంకా తల్లి కింద ఉండాల్సిన పిల్ల. తల్లేదమ్మా?"

"తల్లి... ఊరెళ్ళింది."

"ఊరెళ్ళిందా?"

"మా తమ్ముడి ఊరు. గాలి మార్పుకని పంపించాం."

"పాలు తాగే పిల్లని ఇక్కడ పడేసి, బాలింత గాలి మార్పుకెళ్ళిందా? ఎప్పుడెళ్ళిందమ్మా? మా బస్సయితే ఎక్కలేదు."

"మీరు నవ్వుతున్నారు."

"నవ్వట్లేదమ్మా. టీకాల కార్డుందా?"

"ఉంది. ఆయన ఎక్కడ పెట్టారో."

"ఏ డాక్టరు వేశాడు?"

"ఆయనే వేస్తారు."

"మీ ఆయన పశువుల డాక్టరా?"

"కాదమ్మా. టైర్ల షాపు."

"ఆంటీ, టైర్ల షాపు ఆయన కుక్కలకి సూదులేస్తారా?"

"బాగానే వేస్తారమ్మా. చెయ్యి వణకదు."

"మా గురించి మీరేమీ అడగరా? మేం ఎవరం, ఇంట్లో ఎంతమంది, దీన్ని కట్టేస్తామా, లోపల ఉంచుతామా, పెంచుతామా, రేపు మళ్ళీ ఇంకొకరికి అమ్మేస్తామా?"

"అవన్నీ అడగొద్దన్నారు."

"ఎవరు?"

"ఆయన. అడిగితే వాళ్ళూ అడుగుతారని."

"బాగుంది. అయితే మేమే అడుగుతాం. తల్లిని చూపించండి."

"తల్లికి కొత్తవాళ్ళంటే పడదమ్మా. మీదకొస్తుంది. కరుస్తుంది."

"తమ్ముడి ఊళ్ళో ఉండి ఇక్కడ మమ్మల్ని కరుస్తుందా? మీకు అబద్ధం కూడా సరిగ్గా చెప్పడం రాదమ్మా."

"రాదు. ఉండండి, ఫోను. ఆయనే. కాసేపు మాట్లాడకండి, మీకు దణ్ణం పెడతాను... ఆఁ, చెప్పండి... పడుకునే ఉన్నాను... లేదు, ఎవరూ రాలేదు... టీవీయేనండీ ఆ మాటలు... పెట్టాను. అన్నిటికీ పెట్టాను... ఎన్నింటికి? నాలుగున్నరా?... సరే... లేదండీ, గేటు తీయలేదు. ఎందుకు తీస్తాను?... సరే."

"అన్నిటికీ పెట్టానన్నారు. ఏం పెట్టారు, ఎన్నిటికి?"

"తిండి."

"ఈ గుప్పెడు పిల్లకి అన్నిటికీ ఏంటమ్మా?"

"నోరు జారింది."

"ఎవరూ రాలేదన్నారు కూడా. మేం మనుషుల్లా కనబడట్లేదా?"

"ఇంటికి ఎవర్నీ రానివ్వరమ్మా ఆయన. బంకు దగ్గరో, బస్టాండు దగ్గరో, అక్కడే ఇచ్చేసి వస్తారు."

"మరి మమ్మల్ని మీరెందుకు రమ్మన్నట్టు?"

"ఎండ కదమ్మా... బంకు దగ్గర నీడ ఉండదు. మంచినీళ్ళు తెస్తానుండండి."

"నీళ్ళొద్దు."

"తెస్తానమ్మా. కూర్చోండి. వెళ్ళకండి."

ముందుగదిలో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, కుక్కపిల్లతో.

"వదినా, తీసేసుకుందాం దీన్ని."

"చూడ్డానికే వచ్చామన్నావు."

"చూశాకే చెప్తున్నాను. దీని పొట్ట చూడు, ఎలా బిగదీసుకుపోయిందో. లోపలంతా పురుగులే. గుండె ఎంత గబగబ కొట్టుకుంటోందో ఒకసారి చెయ్యి పెట్టి చూడు. ఇక్కడ వదిలేస్తే నాలుగు రోజులు కూడా బతకదు."

"తీసుకుంటే?"

"దీని ప్రాణమన్నా నిలబడుతుంది."

"నిలబడుతుందేమో. మనిచ్చే డబ్బుతో ఆ తల్లికి ఇంకో కాన్పు. ఆ కాన్పులో ఇంకో ఆరు. మనలాంటివాళ్ళ జాలి ఉండబట్టే వీళ్ళ పొయ్యి వెలుగుతోంది చిట్టీ."

"అంత రాయిలా ఎలా మాట్లాడతావు?"

"రాయా? పోయినేడాది జాలిపడే కదా తీసుకున్నాను. డిక్కీలో ఎండకి సొమ్మసిల్లి ఉంది. ఆరోగ్యంగా ఉందా, ఎక్కడ పుట్టింది, ఒక్క ముక్క అడగలేదు. నీకు చెప్పనిది ఒకటుంది."

"ఏంటి?"

"అది పోయాక మన చిన్నమ్మాయి పదిహేను రోజులు బిస్కెట్టు ముట్టలేదు. బెంగ అనుకున్నాం. ఓ పొద్దున్న జడ వేస్తుంటే అద్దంలోంచి నా మొహం చూస్తూ అడిగింది, అమ్మా, నేను నీకు తెలీకుండా దానికి బిస్కెట్టు పెట్టాను, అందుకే చచ్చిపోయిందా అని. ఎనిమిదేళ్ళ పిల్ల. అన్ని రోజులూ ఆ మాట కడుపులో పెట్టుకుని స్కూలుకెళ్ళొచ్చింది."

"నువ్వేమన్నావు?"

"దాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. కాదు తల్లీ, అది జబ్బుతోనే మనింటికొచ్చింది అని. నమ్మిందో లేదో నాకీరోజుకీ తెలీదు."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"నీకు చెప్తే మీ అన్నయ్యకి చెప్తావు. ఆయన కూర్చుని ఏడుస్తాడు. ఇంట్లో ఒకళ్ళన్నా ఏడవకుండా డ్యూటీకి వెళ్ళాలి కదా. అందుకని, తల్లిని చూడాలి. తల్లి తిన్నగా నిలబడి, పిల్లల్ని దగ్గరికి తీసుకుని, మనల్ని చూసి తోకాడిస్తే అప్పుడు మాట. లేదంటే షెల్టరు వాళ్ళు ఎన్నాళ్ళాగమంటే అన్నాళ్ళాగుదాం."

"నీళ్ళకి ఇంతసేపేంటి ఈవిడ?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ కర్టెను వెనకే నిలబడింది. కింద కాళ్ళు కనబడట్లేదూ?"

"అయ్యో. ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"తెలిసే చెప్పావా ఇదంతా?"

"తెలిసే చెప్పాను. విననీ."

ఇంటావిడ నీళ్ళ గ్లాసులతో వచ్చింది.

"తీసుకోండమ్మా. చల్లగా లేవు, ఫ్రిజ్జులో మందులుంటాయి, నీళ్ళు పెట్టనివ్వరు."

"పర్లేదాంటీ."

"మీ పాప... ఇప్పుడు తింటోందామ్మా, బిస్కెట్లు?"

"తింటోంది."

"మంచిది."

"టీవీ కట్టేయండమ్మా."

"చూస్తారేమోనని..."

"చూడ్డం లేదు. మీరూ చూడ్డం లేదు. కట్టేయండి."

"కట్టేస్తే..."

"కట్టేస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. కట్టేస్తున్నాను."

"వదినా."

"విన్నాను."

"గీరుతున్నట్టుంది. ఇనుము మీద గోళ్ళతో. ఒకటి కాదు వదినా."

"ఆ తలుపు ఎక్కడికమ్మా?"

"వెనక షెడ్డు. పాత టైర్లుంటాయి."

"టైర్లు గీరుతాయా? తలుపు తీయండి."

"ఆయన వస్తారమ్మా."

"నాలుగున్నరకి వస్తానన్నాడు, ఇప్పుడు మూడైంది. తీయండి. తీయకపోతే ఇక్కడే కూర్చుంటాను. ఇరవై ఏళ్ళు నిలబడి ఉద్యోగం చేసినదాన్ని, కూర్చోవడం నాకు కష్టం కాదు."

"వీధిలో బండి ఏదో ఆగింది, ఉండండి."

"చిట్టీ, కిటికీలోంచి చూడు. తెరవకు, సందులోంచి చూడు."

"వ్యాను. తెల్లది. డ్రైవరు దిగాడు... ఎదురింటివాళ్ళకి గ్యాసు బండ దించుతున్నాడు."

"ఆయనది నీలం జీపమ్మా. హారను కొట్టరు. గేటు తోసుకుని వచ్చేస్తారు."

"ఆ గ్లాసు ఇటివ్వండి ఆంటీ."

"తాళంచెవి నడుముకే ఉందిగా అమ్మా. ఇందాకట్నుంచీ దాని మీదే చెయ్యేసుకుని మాట్లాడుతున్నారు. తీయండి."

"ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోండి. పాప ముందు రావొద్దు."

"ఆవిడ పాప కాదు, ల్యాబులో పని చేస్తుంది. నడవండి."

వెనక షెడ్డు.

"దీపం లేదా?"

"ఉందమ్మా. వేస్తే అన్నీ లేస్తాయి. వేస్తాను."

"వదినా... వదినా, ఇవి టైర్లు పెట్టుకునే ర్యాకులు."

"చూస్తున్నాను."

"ఒక్కో అరకీ వల కొట్టేశారు. పైవాటి పెంట కిందవాటి మీద పడుతోంది. ఇన్ని ఉండి ఒక్కటీ మొరగదేంటి?"

"మొరిగితే గొట్టంతో నీళ్ళు కొడతారమ్మా. మానేశాయి."

"ఎన్ని?"

"పెద్దవి పంతొమ్మిది. పిల్లలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి."

"ఈ పిల్ల తల్లి ఏది?"

"మూడో ర్యాకు, కింద అర."

"దీన్నేమని పిలుస్తారు?"

"ర్యాకు మూడు."

"బయటికి తీయండి."

"నేను తీస్తాను వదినా. రా అమ్మా. రా తల్లీ. ఏమీ అనను. అయ్యయ్యో, దీని గోళ్ళు చూడు, వంకర తిరిగి అరికాల్లోకి గుచ్చుకుపోయాయి. దించితే నేల మీద నిలబడలేకపోతోంది. ఎప్పుడైనా కింద నడిచిందా ఆంటీ ఇది?"

"ఆయన లేనప్పుడు నేను దించుతానమ్మా. గోడ దాకా వెళ్ళి మళ్ళీ ర్యాకు దగ్గరికే వచ్చేస్తుంది."

"ఎన్నో కాన్పు?"

"ఏడోది."

"వయసు?"

"నాలుగేళ్ళు దాటింది."

"నాలుగేళ్ళకి ఏడు కాన్పులు."

"పిల్లని దాని దగ్గర పెట్టాను వదినా. చూడు, నాకుతోంది. ఒంట్లో లేచి నిలబడే ఓపిక కూడా లేదు, అయినా నాకుతోంది."

"కరుస్తుందన్నారు కదమ్మా."

"అనమన్నారు."

"మీకు ఆయన ఏం చెప్తే అదేనా? అనమంటే అనడమూ, పెట్టమంటే పెట్టడమూ, ఈ తలుపు వేసి టీవీ పెట్టుకుని కూర్చోవడమూ. పగలంతా ఇంట్లో ఉండేది మీరే. ఈ గీరే చప్పుడు వింటూ అన్నం ఎలా దిగుతోందమ్మా మీకు?"

"దిగదు."

"దిగకపోతే ఇన్నాళ్ళు ఎలా ఊరుకున్నారు? చూస్తే పెద్దావిడలా ఉన్నారు. కాన్పంటే తెలిసిన మనిషిలా ఉన్నారు."

"వదినా, చాలు. ఆవిడ ఏడుస్తోంది."

"ఏడవనీ. పోయినేడాది మా ఇంటికొచ్చింది కూడా ఇక్కణ్ణుంచే వచ్చిందేమో. ఏమో ఏంటి, ఇలాంటి చోటు నుంచే. ఆవిడ ఏడుపు మా చిన్నదాని ఏడుపు కంటే ఎక్కువేం కాదు. నా ఫోనిటివ్వు."

"ఎవరికి?"

"జంతు సంరక్షణ ఆఫీసుకి. పోయినేడాది దాన్ని తీసుకెళ్ళినప్పుడు పశువుల ఆసుపత్రి గోడ మీద రాసుంటే ఎక్కించుకున్నాను నంబరు."

"ఫోను చేస్తే ఆంటీని కూడా పట్టుకెళ్తారేమో వదినా."

"పట్టుకెళ్ళనీ."

"పట్టుకెళ్ళనివ్వండమ్మా. చెయ్యండి. కానీ తొందరగా. ఒక్కోసారి చెప్పిన టైముకంటే ముందే వస్తారు."

"హలో... ఆఁ, ఫిర్యాదండీ. కుక్కల్ని ర్యాకుల్లో కుక్కి పిల్లల్ని అమ్ముతున్నారు... పెద్దవి పంతొమ్మిది... ఎవరో చెప్తే కాదు, నా కళ్ళతో చూశాను. ఇప్పుడు వాటి మధ్యే నిలబడి మాట్లాడుతున్నాను... రాసుకోండి. రైలు గేటు దాటాక ఎడమ చేతికి మూడో సందు, చివరిల్లు, పచ్చ గేటు... ఏంటండీ?... మీ దగ్గర ఉందా ఈ అడ్రసు?... ఎన్నిసార్లు?... మరి మీరేం చేశారు?... గేటుకి తాళముంటే చూసి వెళ్ళిపోయారా? బాగుందండీ."

"ఏమంటున్నారు వదినా?"

"ఇదివరకు రెండుసార్లు ఫిర్యాదొచ్చిందట ఈ ఇంటి మీద. ఎవరో ఒకావిడ. పేరడగ్గానే పెట్టేసిందట రెండుసార్లూ. పేరు చెప్పి నిలబడేవాళ్ళుండాలి, లోపల్నుంచి ఎవరైనా తలుపు తీయాలి, అప్పుడే రాగలమంటున్నాడు. పక్కింటావిడ అయ్యుంటుంది. పాపం, భయపడి పెట్టేసుంటుంది."

"పక్కింటికెళ్ళి ఆవిణ్ణి అడగనా వదినా, సాక్ష్యం చెప్తుందేమో?"

"పక్కిల్లు రెండేళ్ళ నుంచి ఖాళీ అమ్మా. ఫోను ఇలా ఇవ్వండి, ఈసారి పేరు చెప్తాను."